కొలరాడో కొండల్లో ఫ్యామిలీతో ఎల్క్ వేట: అందరూ అడిగే డౌట్లు

మార్చి రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి, అన్నా ఈసారి మేం కూడా వస్తాం, పిల్లల్ని తీసుకురావచ్చా, గన్ ఎక్కడ కొనాలి అని. అక్టోబర్‌లో మళ్లీ అవే ప్రశ్నలు ఇంకొకళ్ల దగ్గర్నుంచి. మేం డెన్వర్ శివార్లలో ఉంటాం, నేను, మా ఆవిడ, పదమూడేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల పిల్లాడు, ఒక్కో ఏడాది మా బావా వాళ్లు కూడా. ఆరేళ్లుగా వెళ్తున్నాం, ఆరేళ్లలో దొరికినవి రెండే రెండు, కాబట్టి నేనేదో పెద్ద వేటగాణ్ణి అనుకోకండి. మాకు నేర్పింది పక్కింటి ముసలాయన. ప్రతిసారీ చెప్పిందే చెప్పలేక ఇలా రాసిపెట్టా, మీకు ఏది కావాలో అది చూసుకోండి. ఫీజులు, తేదీలు ఏటా మారుతుంటాయి, కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు వేసే ఆ ఏడాది బ్రోచర్ మాత్రం తప్పకుండా చూడండి.

## ఇంకా ఆలోచనలోనే ఉన్నప్పుడు

అసలు ఎల్క్ అంటే ఏంటి, మన దుప్పి లాంటిదేనా?

జాతి జింకదే కానీ సైజు వేరు. మన అడవుల్లో కణితిని చూసినవాళ్లు ఉంటే దానికంటే ఇంకా పెద్దది అనుకోండి. పోతు సుమారు 700 పౌండ్లు, పెంటి 500 పౌండ్లు తూగుతుంది, అంటే పెంటిది కూడా రెండు క్వింటాళ్ల పైనే. పిర్ర మీద తెల్లగా ఉంటుంది, షానీ అనే ఇక్కడి ఆదివాసీ తెగ వాళ్లు అందుకే వాపిటి అన్నారు. యూరప్‌లో ఎల్క్ అంటే ఇక్కడ మూస్ అనే జంతువు, యూట్యూబ్‌లో వెతికేటప్పుడు అది ఇది కలిసిపోతాయి జాగ్రత్త. అమెరికాలో ఎల్క్ ఎక్కువున్న రాష్ట్రం కొలరాడోనే, రెండున్నర లక్షల పైమాటే.

మా అమ్మ పాపం అంటోంది, ఏం చెప్పి ఒప్పించాలి?

ఒప్పించకండి. మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోలేదు, కానీ గోంగూర వేసి వండితే తింటుంది, అది వేరే సంగతి. నాకు నేను చెప్పుకునే లెక్క మాత్రం ఇది. 1910 ప్రాంతంలో ఈ రాష్ట్రంలో ఎల్క్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, అడ్డూ అదుపూ లేకుండా మార్కెట్ కోసం చంపేశారు. తర్వాత వ్యోమింగ్ నుంచి రైళ్లలో తెచ్చి వదిలారు. ఇప్పుడు ఇన్ని ఉన్నాయంటే లైసెన్స్ డబ్బుల పాత్ర చాలా ఉంది, పైగా 1937 నాటి ఒక ఫెడరల్ చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద వేసే 11 శాతం పన్ను రాష్ట్రాల్లో వన్యప్రాణి పనులకే వెళ్తుంది. వేట కోసం రాష్ట్రాన్ని యూనిట్లుగా విడగొట్టారు, ఏ యూనిట్‌లో ఎన్ని ట్యాగులు, అంటే ఒక జంతువుని కొట్టే అనుమతులు, ఇవ్వాలో మందల్ని లెక్కపెట్టి తేలుస్తారు. ఇండియాలో 1972 చట్టం వచ్చాక వేట అంటేనే నేరం, అక్కడ అదే కరెక్ట్, ఇక్కడి పద్ధతి వేరు. ఇంతా విన్నాక కూడా మనసు ఒప్పుకోనివాళ్లు క్యాంపుకి రండి, టీ పెట్టండి, కొండలు చూడండి. మా ఆవిడ చేసేది అదే.

నేను హెచ్1బి మీద ఉన్నా, గన్ ముట్టుకోవచ్చా?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే, అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఇదే. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం మామూలుగా నిషేధం. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటి, అమెరికాలో చట్టప్రకారం తీసుకున్న, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండడం. అంటే లైసెన్స్ ముందు, తుపాకీ తర్వాత. చాలామంది తిరగేసి చేస్తారు, ఫ్రెండ్‌తో షూటింగ్ రేంజ్‌కి వెళ్లి కాల్చి ఫోటో పెడతారు, ఆ రోజుకి లైసెన్స్ లేకపోతే అది ఫెడరల్ కేసు అవ్వచ్చు, వీసా మొత్తం పోవచ్చు. లైసెన్స్ గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి, గడువు అయిపోతే మినహాయింపూ అయిపోయినట్టే. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు. హెచ్4, ఎఫ్1, విజిటర్ వీసా మీదొచ్చిన అమ్మానాన్నలు, వీళ్లందరికీ కూడా ఇదే రూల్ వర్తిస్తుంది కాబట్టి నాన్నగారి చేతిలో రైఫిల్ పెట్టి ఫోటో తియ్యకండి. నేను లాయర్ని కాదు, ఒక గంట ఫీజు కట్టి ఇమిగ్రేషన్ లాయర్ని అడిగి అప్పుడు అడుగెయ్యండి.

పిల్లల్ని ఏ వయసు నుంచి తీసుకెళ్లొచ్చు?

తోడు రావడానికి వయసు లేదు, వేటాడడానికి ఉంది. కొలరాడోలో ఎల్క్ లాంటి పెద్ద జంతువులకి 12 ఏళ్లు నిండాలి. 12 నుంచి 15 ఏళ్ల పిల్లలైతే 18 దాటిన పెద్దవాళ్లు ఎప్పుడూ పక్కన ఉండాలి, పక్కన అంటే వాకీటాకీలో కాదు, కంటికి కనపడాలి, మాట వినపడాలి. మా అమ్మాయికి పోయినేడు మొదటిసారి ట్యాగ్ తీశాం. చిన్నోడు రెండో ఏట నుంచీ క్యాంపుకి వస్తున్నాడు, వాడికి ఎల్క్ కంటే టెంట్ ముందు ఉడతలే ఎక్కువ. ఐదేళ్లలోపు పిల్లలుంటే మాత్రం ఇద్దరు పెద్దవాళ్లలో ఒకరు పూర్తిగా క్యాంపులోనే ఉండిపోవాలి, ఆ వంతు ఎవరిదో ఇంటి దగ్గరే తేల్చుకోండి, కొండ మీద తేల్చుకుంటే గొడవలవుతాయి.

హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు తప్పదా?

1949 జనవరి 1 నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ తప్పదు, అంటే మనందరికీ. వేరే రాష్ట్రంలో చేసిన కార్డు ఉన్నా ఒప్పుకుంటారు. క్లాసు చెయ్యకుండా ఒకసారి చూద్దాం అనుకునేవాళ్లకి అప్రెంటిస్ సర్టిఫికేట్ అని ఉంది కానీ దాన్ని జీవితంలో రెండుసార్లే వాడుకోవచ్చు, పక్కన అర్హత ఉన్న మెంటర్ ఉండాలి. నా సలహా, భార్యాభర్తలిద్దరూ, పన్నెండేళ్ల దగ్గరున్న పిల్లలు కలిసి క్లాసుకి కూర్చోండి. మా ఇంట్లో తుపాకీ మూతి ఎటు చూస్తోందో నాకు గుర్తు చేసేది మా అమ్మాయే.

## లైసెన్స్ తీసుకునేటప్పుడు

డ్రా అంటారు, ఓటీసీ అంటారు, నాకు ఏం అర్థం కావట్లేదు?

డ్రా అంటే లాటరీ. ఏప్రిల్ మొదటి వారంలోపు అప్లై చెయ్యాలి, దానికంటే ముందు, అప్లై చెయ్యడానికి అర్హత ఇచ్చే క్వాలిఫైయింగ్ లైసెన్స్ ఒకటి కొనాలి, రిజల్ట్స్ మే చివర్లోనో జూన్ మొదట్లోనో వస్తాయి. రాకపోతే ఒక ప్రిఫరెన్స్ పాయింట్ వస్తుంది, వచ్చే ఏళ్లకి పనికొస్తుంది. జూన్ చివర్లో సెకండరీ డ్రా ఉంటుంది, అదీ పోతే ఆగస్టులో మిగిలినవి లిస్టు పెడతారు. ఓటీసీ అంటే లాటరీ లేకుండా షాపులో కొనుక్కునేది, రైఫిల్‌కి అయితే రెండో, మూడో సీజన్లలో కొన్ని యూనిట్లలో పోతు ఎల్క్‌కి దొరుకుతుంది. ఓటీసీ వినడానికి ఈజీగా ఉంటుంది కానీ జనం ఎక్కువ. ఫ్యామిలీకి నేను చెప్పేది పెంటి ట్యాగ్‌కి డ్రాలో అప్లై చెయ్యమని. చాలా యూనిట్లలో వచ్చే ఛాన్స్ ఎక్కువ, మాంసం మెత్తగా ఉంటుంది, ముఖ్యంగా మోసుకొచ్చేటప్పుడు బరువు తక్కువ.

మొత్తం ఖర్చెంత అవుతుంది, టెక్సాస్ నుంచి కజిన్స్ కూడా వస్తామంటున్నారు?

కొలరాడోలో ఆరు నెలలకి తగ్గకుండా వరసగా ఉంటున్నవాళ్లకి ఎల్క్ లైసెన్స్ 70 డాలర్ల చుట్టుపక్కల, బయటి రాష్ట్రం వాళ్లకి 800 దాటుతుంది. పిల్లలది చాలా తక్కువ. మీ కజిన్స్‌లో ఒక్కరు లైసెన్స్ తీసుకుని మిగతావాళ్లు మోతకి వస్తే సరిపోతుంది, మోసేవాళ్లకి లైసెన్స్ అక్కర్లేదు. మిగతాది సామాను, ఈ సామాను ఖర్చుకి అంతు లేదు. మొదటి ఏడాది బూట్లు, మోసే బ్యాగు, ఈ రెండే మంచివి కొనండి, టెంటు, స్టవ్ ఎవర్నైనా అడిగి తెచ్చుకోండి. ఫ్రీజర్ మాత్రం ముందే కొనకండి, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మా బావ మొదటి ఏడాదే పెద్ద ఫ్రీజర్ కొని మూడేళ్లు దాంట్లో ఐస్‌క్రీములు పెట్టుకున్నాడు.

ఏ సీజన్‌లో వెళ్తే పిల్లలకి బాగుంటుంది?

సెప్టెంబర్ అంతా బాణాలవాళ్లది, అప్పుడు ఎల్క్ ఎదకొచ్చి పోతులు కూతలు పెడుతుంటాయి, వినడానికి ఒళ్లు జలదరిస్తుంది, వాతావరణం కూడా హాయి, కానీ బాణంతో కొట్టడానికి ఏళ్ల ప్రాక్టీస్ కావాలి. రైఫిల్‌లో మొదటి సీజన్ అక్టోబర్ మధ్యలో ఐదు రోజులే, డ్రాలో మాత్రమే వస్తుంది. రెండోది అక్టోబర్ చివర్లో, తొమ్మిది రోజులు, రెండు శనాదివారాలు కలిసొస్తాయి, స్కూల్ ఉన్న పిల్లలతో ఇదే మేలు. మూడోది నవంబర్ మొదట్లో, మంచు పడితే ఎల్క్ కిందికి దిగి వేటగాళ్లకి బాగుంటుంది, పిల్లలకి బాగోదు. నాలుగోది ఫ్యామిలీతో వద్దు. ఊరికే కూతలు వినిపించాలంటే సెప్టెంబర్ చివర్లో ఒక సాయంత్రం ఎస్టెస్ పార్క్ తీసుకెళ్లండి, లైసెన్స్ ఏమీ లేకుండా రోడ్డు పక్కనే వినపడతాయి.

ఎక్కడికి వెళ్లాలి, మీ స్పాట్ చెప్పండి అన్నా?

స్పాట్ చెప్పను, ఏమీ అనుకోకండి. ఏరియా చెప్తా. మీకర్ ఊరి తూర్పున ఫ్లాట్ టాప్స్ అని పెద్ద కొండ పీఠభూమి, వైట్ రివర్ మంద అక్కడే తిరుగుతుంది, రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద మంద. యూనిట్లు 12, 23, 24 ఆ చుట్టుపక్కలే. డెన్వర్ నుంచి నాలుగు గంటల పైన, ఐ-70 హైవే మీద పోయి రైఫిల్ అనే ఊళ్లో ఉత్తరానికి తిరగాలి, అవును ఊరి పేరే రైఫిల్. కొత్తవాళ్లు మ్యాప్‌లో రోడ్డుకి ఒకటి రెండు మైళ్ల లోపల చోటు చూసుకోండి. యూట్యూబ్‌లో కుర్రాళ్లు ఎనిమిది మైళ్లు లోపలికి పోతారు, వాళ్ల వెనక గుర్రాలుంటాయి, అవి వీడియోలో కనపడవు.

## సామాను, ప్రిపరేషన్

ఏ రైఫిల్ కొనాలి?

రూల్ ప్రకారం ఎల్క్‌కి కనీసం పాయింట్ 24 క్యాలిబర్, 85 గ్రెయిన్ల బరువున్న తూటా ఉండాలి. జనం వాడేవి థర్టీ ఆట్ సిక్స్, టూ సెవెంటీ, త్రీ నాట్ ఎయిట్, సెవెన్ ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్, ఈ మధ్య సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్ కూడా. పెద్దది కొంటే పెద్ద జంతువు పడుతుంది అనుకుంటారు, భుజం మీద దెబ్బకి భయపడి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగితే ఏ తుపాకీ అయినా ఒకటే. కొలరాడోలో కొనేటప్పుడు డబ్బు కట్టిన రోజే ఇవ్వరు, మూడు రోజులు ఆగాలి, కాబట్టి సీజన్ ముందు రోజు షాపుకి పరిగెత్తకండి. వేసవంతా నెలకి రెండుసార్లు రేంజ్‌కి వెళ్లండి, బెంచ్ మీద కాదు, మోకాళ్ల మీద కూర్చుని, ఆయాసపడుతూ కాల్చి చూడండి, కొండ మీద ఉండేది ఆ ఆయాసమే.

ఆరెంజ్ జాకెట్ అందరూ వేసుకోవాలా?

రైఫిల్ సీజన్‌లో వేటాడేవాళ్లు నడుం పైన కనీసం 500 చదరపు అంగుళాలు మెరిసే ఆరెంజ్ గానీ పింక్ గానీ వెయ్యాలి, తల మీద టోపీ కూడా అదే రంగు, అన్ని వైపుల నుంచి కనపడాలి. ఆరెంజ్‌లో కామో డిజైన్ ఉంటే లెక్కలోకి రాదు. వేటాడకుండా ఊరికే తోడొచ్చిన పిల్లలకి, పెద్దలకి చట్టం అడగదు కానీ మా క్యాంపులో చిన్నోడి దగ్గర్నుంచి అందరికీ ఆరెంజే, అవతల కొండ మీద ఉన్నవాడికి మనవాళ్లు మనుషుల్లా కనపడాలి కదా.

అంత ఎత్తులో ఊపిరాడదంటారు, అమ్మానాన్నల్ని తీసుకురావచ్చా?

ఆంధ్రాలో ఎత్తైన కొండ అర్మకొండ, దాని శిఖరం 1,680 మీటర్లు, అంటే 5,500 అడుగులు. డెన్వర్ 5,280. అంటే మన ఇల్లే ఇంచుమించు అర్మకొండ ఎత్తులో ఉంది, వేట జరిగేది దానికి దాదాపు రెట్టింపు, తొమ్మిది నుంచి పదకొండు వేల అడుగుల్లో. ఇండియా నుంచి వారం క్రితం దిగినవాళ్లని నేరుగా పైకి తీసుకెళ్లొద్దు, గుండె, ఊపిరితిత్తుల ఇబ్బందులు ఉంటే డాక్టర్ని అడక్కుండా అసలే వద్దు. మిగతావాళ్లు ఒక రాత్రి మధ్యలో ఆగి వెళ్లండి, నీళ్లు బాగా తాగండి. తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం మొదలైతే మందుబిళ్ల వేసి చూద్దాం అనకండి, కిందికి దిగండి. ఒకేడు మా ఆవిడకి రాత్రి రెండింటికి తలనొప్పి పెరిగి వాంతులు పట్టుకున్నాయి, అప్పటికప్పుడు కారు తీసి మీకర్‌కి దిగిపోయాం, తెల్లారేసరికి ఇడ్లీ అడిగేంత మామూలు అయింది.

టెంట్‌లో చలికి పిల్లలు తట్టుకుంటారా, ఏం తింటారు?

అక్టోబర్ చివర్లో పగలు ఎండ, తెల్లారేసరికి బాటిల్లో నీళ్లు గడ్డకడతాయి. కాటన్ బట్టలు వద్దు, తడిస్తే ఆరవు, ఉన్ని గానీ సింథటిక్ గానీ వెయ్యండి. కింద మ్యాట్ మందంగా ఉండాలి, చలి పైనుంచి కాదు నేల నుంచి వస్తుంది. టెంట్ లోపల గ్యాస్ స్టవ్, బొగ్గులు పెట్టి పడుకోకండి, విషవాయువుకి మనుషులు పోతారు. నేషనల్ ఫారెస్ట్‌లో చాలా చోట్ల 14 రోజుల దాకా ఉచితంగా క్యాంప్ వెయ్యచ్చు. తిండికి ఇంట్లోనే పులిహోర, ఉప్మా పొడి, పప్పు వండి గడ్డకట్టించి తీసుకెళ్తాం, ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కాబట్టి పప్పు ఉడకాలంటే కుక్కర్ తప్పదు. ఆవకాయ సీసా మూత గట్టిగా బిగించండి, దీని మీద నాకు అనుభవం ఉంది, స్లీపింగ్ బ్యాగ్ పారేశాం.

మామూలు కారుతో వెళ్లొచ్చా?

ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్సెరో దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ చట్టం ఉంటుంది, మంచి టైర్లో చైన్లో ఉండాలి. అసలు ఇబ్బంది ఆ తర్వాత ఫారెస్ట్ రోడ్డు, ఎండలో దుమ్ము, వాన పడితే బంక మట్టి. ఫోర్ వీల్ డ్రైవ్, చైన్లు, పార, తాడు, నిండా పెట్రోల్.

## కొండ మీద

పొద్దున ఎన్నింటికి లేవాలి, ఎక్కడ వెతకాలి?

సూర్యోదయానికి అరగంట ముందు నుంచి అస్తమయం తర్వాత అరగంట దాకే కాల్చచ్చు. అక్టోబర్ చివర్లో అది ఏడింటికి కాస్త అటూ ఇటూ మొదలవుతుంది, కాబట్టి నాలుగున్నరకి లేచి, చీకట్లోనే నడిచి కూర్చోవాలి. నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుగుతుంది, ఆ వారం చాలామంది టైం తప్పుతారు. ఎల్క్ తెల్లవారుజామున, సాయంత్రం గడ్డి మైదానాల్లో మేస్తాయి, పగలు ఉత్తరపు వాలులో దట్టమైన చెట్ల మధ్య పడుకుంటాయి. కంటి చూపు కంటే ముక్కు గొప్పది వాటికి. పొద్దున చల్లగాలి కొండ మీంచి కిందికి జారుతుంది, ఎండెక్కాక గాలి పైకి లేస్తుంది, ఈ ఒక్కటి తెలిస్తే ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది. మొదటి రెండేళ్లు మేం గాలివాటం పట్టించుకోకుండా, పైగా ఫ్లాస్క్‌లో అల్లం టీ వాసనతో కూర్చునేవాళ్లం.

ఎలుగుబంట్లు, తోడేళ్లు ఉంటాయా?

నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి. గ్రిజ్లీలు లేవు, ఆఖరిది 1979లో చచ్చిపోయింది. అక్టోబర్‌లో ఎలుగుబంట్లు నిద్రకి వెళ్లేముందు ఎంత దొరికితే అంత తింటాయి, తిండి టెంట్‌లో పెట్టకండి, టూత్‌పేస్ట్ కూడా. తోడేళ్లని 2023 డిసెంబర్‌లో మళ్లీ తెచ్చి వదిలారు, మనకి కనపడడం అరుదు, కాలిస్తే నేరం. నన్ను అడిగితే ఎక్కువ భయపడాల్సింది చలికి, దారి తప్పడానికి.

కనపడింది ఎల్కో కాదో, కాల్చచ్చో లేదో ఎలా తెలుస్తుంది?

బైనాక్యులర్‌తో చూడండి, రైఫిల్ స్కోప్‌తో కాదు, స్కోప్‌తో చూశారంటే తుపాకీ అటు గురిపెట్టినట్టే, అక్కడున్నది మనిషైతే? ఏటా కొంతమంది మూస్‌ని ఎల్క్ అనుకుని కొట్టేసి ఇరుక్కుంటారు. మూస్ ఇంకా నల్లగా, ముక్కు వేలాడుతూ ఉంటుంది, పిర్ర మీద ఆ లేత రంగు ఉండదు. పోతు ట్యాగ్ అయితే చాలా యూనిట్లలో ఒక కొమ్ముకి కనీసం 4 పాయింట్లు, అంటే మొనలు, గానీ, కనుబొమ్మ దగ్గర కొమ్మ కనీసం 5 అంగుళాలు గానీ ఉండాలి. లెక్కపెట్టలేకపోతే కాల్చొద్దు, అంతే. పెంటి ట్యాగ్ ఉన్నవాళ్లు మంద గుంపుగా ఉన్నప్పుడు తొందరపడకండి, తూటా ఒకదాన్ని దాటి వెనక దానికి తగులుతుంది.

ఎంత దూరం నుంచి కాల్చచ్చు?

మీరు ప్రాక్టీస్‌లో పది సార్లలో పది సార్లు అన్నం పళ్లెం అంత చోట కొట్టగలిగే దూరం, కొత్తవాళ్లకి అది 200 గజాల లోపే. ఇంకో దూరం కూడా ఉంది, దాన్ని ఎవరూ అడగరు, అది పడిన చోటు నుంచి మీ బండికి దూరం. మూడో ఏడు సాయంత్రం నాలుగున్నరకి నా ముందు మంచి పెంటి నిలబడింది, 150 గజాలు, గాలి బాగుంది. కానీ అది లోయలో, బండి నుంచి మూడు మైళ్లు, మధ్యలో పడిపోయిన చెట్లు, నాతో ఉన్నది మా ఆవిడ ఒక్కతే, పిల్లలు క్యాంపులో బావ దగ్గర. వేలు ట్రిగ్గర్ దాకా వెళ్లి వెనక్కొచ్చింది. పక్కింటాయన మాట, ఎంత దూరం మోయగలవో అంత దూరంలోనే కాల్చు అని. మా బావ ఇప్పటికీ నవ్వుతాడు దాని గురించి, ఆయన ఎప్పుడూ తొడ మోయలేదు లెండి.

ప్రైవేట్ భూమి అని బోర్డు లేకపోతే వెళ్లొచ్చా?

వెళ్లకూడదు. కొలరాడోలో బోర్డు పెట్టాల్సిన బాధ్యత భూమి యజమానికి లేదు, తెలుసుకోవాల్సింది మనమే. ఓనెక్స్ లాంటి మ్యాప్ యాప్‌లో సరిహద్దులు ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండ మీద సిగ్నల్ ఉండదు. పిల్లల దగ్గర విజిల్ ఉండాలి, పెద్దవాళ్లలో ఒకరి దగ్గరైనా శాటిలైట్ మెసేజ్ పరికరం ఉండాలి, దిగే రోజు, టైం ఊళ్లో ఒకరికి చెప్పి వెళ్లండి.

క్యాంపులో మందు కొట్టచ్చా?

మందు తాగి వేటాడడం నేరం. రాత్రి తుపాకులు ఖాళీ చేసి తాళం వేశాక ఎవరి ఇష్టం వాళ్లది, కానీ ఆ ఎత్తులో ఒక పెగ్గు రెండు పెగ్గుల్లా కొడుతుంది, నాలుగున్నరకి లేవాలి మరి.

## పడ్డాక

పడింది! ఇప్పుడేం చెయ్యాలి?

పరిగెత్తకండి. అరగంట కూర్చోండి, వెనక నుంచి నెమ్మదిగా వెళ్లి కంటిని కర్రతో తాకి చూడండి. చచ్చిపోయిందని తేలాక మొదటి పని ఫోటో కాదు, లైసెన్స్‌కి ఉండే కార్కస్ ట్యాగ్ చింపి, తేదీ వేసి, సంతకం పెట్టడం. తర్వాత తోలు ఒలవడం, వేడి తగ్గించడం. పేగులు తియ్యకుండానే పక్కకి పడుకోబెట్టి తోలు ఒలిచి, తొడలు, జబ్బలు, వీపు కండ, మెడ విడదీసే పద్ధతి ఉంది, కొత్తవాళ్లకి అదే తేలిక. ఆడదో మగదో తెలిసే భాగం మాంసానికి అంటిపెట్టుకునే ఉండాలి, కోసి పారెయ్యకూడదు. తినే మాంసం అడవిలో వదిలేసి రావడం నేరం. ముక్కల్ని గాలాడే గుడ్డ సంచుల్లో కట్టి నీడన చెట్టుకి వేలాడదియ్యండి, ప్లాస్టిక్ కవర్లో పెడితే వేడికి పాడవుతుంది. మా మొదటి దానికి నాలుగు గంటలు పట్టింది, ముసలాయన ఫోన్లో రికార్డ్ చేసి పంపిన వీడియో పక్కన పెట్టుకుని చేశాం.

అంత మాంసం ఎలా మోస్తారు?

వీపు మీద. పెంటిదైతే ఒక వెనక తొడ ఎముకతో 50 పౌండ్ల దగ్గర, పోతుదైతే 70 దాకా ఉంటుంది. ఇద్దరు పెద్దవాళ్లుంటే కనీసం మూడు ట్రిప్పులు, ఒక్కరే అయితే ఐదారు. ఒకటిన్నర మైలు దూరం అంటే వినడానికి ఏముంది, రానూపోనూ మూడు ట్రిప్పులకి తొమ్మిది మైళ్లు, అందులో సగం బరువుతో, పదివేల అడుగుల్లో. అప్పటిదాకా మేం చేసుకున్న ప్లాన్లన్నీ వేట గురించే, మొదటిది పడ్డ రోజు రాత్రి పదకొండింటికి రెండో ట్రిప్పులో అర్థమైంది ప్లాన్ వెనక నుంచి వెయ్యాలని. ఇప్పుడు ముందు బండి ఎక్కడిదాకా వస్తుందో చూస్తాం, ఎవరెవరు మోస్తారో చూస్తాం, ఆ తర్వాతే ఎక్కడ కూర్చోవాలో చూస్తాం. ఊళ్లో గుర్రాలు, కంచరగాడిదలతో మోసిపెట్టే అవుట్‌ఫిట్టర్లు ఉంటారు, ముందే మాట్లాడుకుని నంబర్ రాసుకోండి. పిల్లలకి కూడా వాటా ఇవ్వండి, మా చిన్నోడు కత్తులు, తాడు మోశాడు, ఆ సంగతి స్కూల్లో అందరికీ తెలుసు.

దెబ్బ తగిలి పారిపోతే?

వెతకాలి, చట్టమూ అదే చెప్తుంది. కాల్చిన చోట గుర్తు పెట్టి, మొదటి రక్తపు చుక్క దగ్గర ఆరెంజ్ రిబ్బన్ కట్టి, ఒకరు గుర్తు దగ్గర నిలబడి ఒకరు ముందుకి వెళ్లాలి. ప్రైవేట్ భూమిలోకి పోతే యజమానిని అడిగాకే వెళ్లాలి. మాకు ఒకసారి ఇలా అయింది, రోజున్నర వెతికాం, దొరకలేదు, ఆ ఏడాది మిగిలిన రోజులు మేం మళ్లీ తుపాకీ ఎత్తలేదు.

పిల్లలు అదంతా చూసి భయపడరా?

మా అమ్మాయి మొదటిసారి ఏడ్చింది, వాళ్లమ్మ పక్కన కూర్చుంది, నేను ఏమీ అనలేదు. కాసేపాగి తనే వచ్చి గుండె ఎక్కడుంటుంది నాన్నా అని అడిగింది. చిన్నోడు ఏడవలేదు, వాసన అని ముక్కు మూసుకున్నాడు. చూడమని బలవంతం చెయ్యకండి, చూస్తానంటే ఆపకండి. మన ఊళ్లలో పండక్కి యాటను కోస్తుంటే చుట్టూ నిలబడి చూసినవాళ్లమే కదా మనం.

## ఇంటికొచ్చాక

ఆ జింకల జబ్బు మనకి వస్తుందా?

క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని, జింక జాతుల మెదడుకి వచ్చే జబ్బు, మొట్టమొదట గుర్తించింది కొలరాడోలోనే, 1967లో ఫోర్ట్ కాలిన్స్‌లో పరిశోధన కోసం పెంచే జింకల్లో. మనుషులకి వచ్చినట్టు ఇప్పటిదాకా తేలలేదు, కానీ పాజిటివ్ వచ్చిన మాంసం తినొద్దని ఇక్కడి ఫెడరల్ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. కొన్ని యూనిట్లలో ఆ ఏడాదికి టెస్ట్ తప్పనిసరి చేస్తారు, కాకపోయినా చేయించండి. దానికి తల కావాలి, అంటే తల కూడా మోసుకురావాలి. రిజల్ట్ వచ్చేదాకా ప్యాకెట్ల మీద రాసి ఫ్రీజర్‌లో పక్కన పెట్టండి, ఎవరికీ పంచకండి.

ఎంత మాంసం వస్తుంది, ఎవరు కోసిస్తారు?

ఎముక తీసేశాక పెంటిదానికి 120 నుంచి 160 పౌండ్లు, పెద్ద పోతుకి 200 చుట్టుపక్కల. ప్రాసెసర్ దగ్గర, అంటే మాంసం కోసి ప్యాక్ చేసే షాపులో, ఇస్తే కొన్ని వందల డాలర్లు, సీజన్‌లో క్యూ. మేం ఇంట్లోనే గ్యారేజ్‌లో బల్ల వేసి రెండు రోజులు కోస్తాం. ప్రాసెసర్‌కి ఇస్తే స్టేక్, బర్గర్ సైజులు చేస్తారు, మనకి కావాల్సింది కూరముక్క, ఖీమా. ఫ్రీజర్‌కి 7 క్యూబిక్ అడుగులది చాలు.

మన కూరల్లో బాగుంటుందా, వాసన వస్తుందా?

వాసన వచ్చేది కొవ్వు నుంచి, పైనున్న తెల్లటి పొర నుంచి, రెండూ శుభ్రంగా తీసెయ్యండి. ఎల్క్ కొవ్వు మేక కొవ్వులా కాదు, నోట్లో మైనంలా అంటుకుంటుంది. మాంసంలో కొవ్వు దాదాపు లేనట్టే కాబట్టి మటన్‌కి వేసేదానికంటే నూనె కొంచెం ఎక్కువ వెయ్యాలి. కాళ్లు, మెడ అయితే అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, కారం పట్టించి కుక్కర్లో ఎనిమిది తొమ్మిది విజిల్స్, తర్వాత గోంగూర కలిపితే దానికి సాటి లేదు. వీపు కండని మాత్రం కుక్కర్లో పెట్టి పాడు చెయ్యకండి, పల్చగా కోసి, మిరియాలు, కరివేపాకుతో పెద్ద మంట మీద రెండు నిమిషాల వేపుడు. ఖీమా అయితే 160 ఫారన్‌హీట్ దాకా ఉడకాలి. బిర్యానీ ఒకసారి చేశాం, ముక్క గట్టిపడింది, పెరుగులో రాత్రంతా నానబెట్టి ముందే సగం ఉడికించి చేస్తే రెండోసారి కుదిరింది. నిలవ పచ్చడి మా అత్తగారు పెట్టారు, దాని కొలతలు ఆవిడ ఎవరికీ చెప్పరు.

మిగిలిన మాంసం అమ్మచ్చా?

అమ్మకూడదు, నేరం. ఊరికే ఇవ్వచ్చు. దీపావళి పాట్‌లక్‌కి తీసుకెళ్తే ఇది ఎల్క్ అని గిన్నె మీద రాసి పెట్టండి, తినేవాళ్లు తింటారు, తిననివాళ్లకి తెలియాలి.

ఏమీ దొరక్కపోతే డబ్బులన్నీ పోయినట్టేగా?

చాలా వరకు దొరకదు, ఆ లెక్కతోనే రండి. రాష్ట్రం మొత్తమ్మీద ఏటా లైసెన్స్ తీసుకున్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికి దొరకడం కష్టం. మాకు ఆరేళ్లలో నాలుగేళ్లు ఉత్త చేతులే. పోయినేడు మా అమ్మాయి ట్యాగ్, ఐదు రోజులు కూర్చుంది, ఆఖరి సాయంత్రం రెండు పెంటిలు కనపడ్డాయి, వాగు అవతల, చీకటి పడుతోంది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్‌లో చూసి 190 గజాలు నాన్నా అంది. కాసేపాగి, బండికెంత అని అడిగింది. రెండు మైళ్ల పైనే అన్నా. బైనాక్యులర్ కిందికి దించి, ఫ్లాస్క్ మూత తీసి నాకో కప్పు పోసింది. ఈ ఏప్రిల్‌లో తన అప్లికేషన్ తనే నింపుకుంది, ఈసారి వాగుకి ఇవతలి యూనిట్ పెట్టింది.